తీర్పుకు ముందే తాళం: పాతబస్తీ నుంచి లండన్ బ్యాంకు దాకా

ధర్నా అనగానే మన హైదరాబాదు వాళ్ళకి ఇందిరా పార్కు గుర్తొస్తుంది. టెంట్లు, జెండాలు, మైకులు, ట్రాఫిక్ జాము. కానీ ఆ మాట పుట్టింది రాజకీయాల్లో కాదు, బాకీల వసూళ్ళలో. అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి గుమ్మం ముందు అన్నం నీళ్ళు మానేసి కూర్చునేవాడు. వాడు తినేదాకా ఇంట్లోవాడూ తినకూడదు, గడప దాటకూడదు. తను కూర్చోలేకపోతే ఒక బ్రాహ్మణ్ణి తెచ్చి కూర్చోబెట్టేవాడు. ఆయన ప్రాణం మీదికొస్తే బ్రహ్మహత్యా పాతకం ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా. ఇది ఎంత మామూలు విషయంగా ఉండేదంటే, 1860లో ఇండియన్ పీనల్ కోడ్ రాసినప్పుడు 508వ సెక్షన్లో, దేవుడి ఆగ్రహం పేరు చెప్పి బెదిరించడానికి ఉదాహరణగా ధర్నా కూర్చోవడాన్నే ఇచ్చారు.

భయం సంగతి పక్కన పెడితే ధర్నాలో ఒక తెలివి ఉంది. బాకీ ఎంత, నిజమా కాదా అన్నది ఎవరూ తేల్చకముందే బాకీదారుణ్ణి కదలకుండా చేసేయడం. మన భాషలో చెప్పాలంటే ముందు లాక్ తీసేసుకోవడం, లెక్కలు తర్వాత చూసుకోవడం అన్నమాట.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటే, ఒక స్నేహితుడు ఈ మధ్య ఓ ప్రశ్న అడిగాడు. ఫ్లాటు కోసం ఒక బిల్డరుకి అడ్వాన్సు ఇచ్చాడు. ఫ్లాటూ లేదు, డబ్బూ లేదు. "కేసు వేస్తే తీర్పు రావడానికి పదేళ్ళు పడుతుందంటున్నారు. ఈలోపు వాడు ఉన్నదంతా అమ్ముకుని చక్కా పోతాడు. కేసు వేసిన రోజే వాడి అకౌంటు ఫ్రీజ్ చేయించలేమా?" అని. చేయించొచ్చు. కానీ అందుకు చట్టం చాలా షరతులు పెట్టింది. ఆ షరతులు మొదట చదివితే మనవాడి మీద కక్షతో రాసినట్టే ఉంటాయి. అవి ఎందుకలా ఉన్నాయో తెలుసుకోవాలంటే మాత్రం చట్టం పుస్తకం కన్నా హైదరాబాదు చరిత్ర బాగా పనికొస్తుంది. ఈ ఊళ్ళో, జడ్జి అనేవాడు లేకుండా తాళాలు పడిన కథలు బోలెడున్నాయి. నాకు తెలిసిన నాలుగు చెప్తాను.

మొదటిది పాతబస్తీ కథ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో యెమెన్‌లోని హద్రామౌత్ వైపు నుంచి వచ్చిన అరబ్బులు వేల సంఖ్యలో హైదరాబాదులో సిపాయిలుగా ఉండేవాళ్ళు. నిజాం దగ్గర కొందరు, జాగీర్దార్ల దగ్గర కొందరు. చాంద్రాయణగుట్ట పక్కన ఇప్పటికీ ఉన్న బార్కస్, ఇంగ్లీషు 'బ్యారక్స్' నుంచి వచ్చిన పేరే. వీళ్ళ నాయకుల్ని జమేదార్లనేవారు. జీతాలు సరిగా అందని ఆ రోజుల్లో జమేదార్లే సర్కారుకి అప్పులిచ్చే స్థాయికి ఎదిగారు, తాకట్టుగా తాలూకాల మీద శిస్తు వసూలు చేసుకునే హక్కు తీసుకున్నారు. ఇక మామూలు జనం సంగతి చెప్పేదేముంది? సాహుకారుకి బాకీ ఉన్నవాడి గుమ్మంలో ఒక అరబ్బునో రొహిల్లానో కూర్చోబెట్టడం వసూలుకి దగ్గర దారి. ఆ కూర్చున్నవాడి తిండి ఖర్చు కూడా బాకీదారుదే. అప్పటికీ తీర్చకపోతే ఎత్తుకెళ్ళి తమ సొంత ఖైదుల్లో పెట్టేవాళ్ళు. సర్కారు జైలు కాదు, సొంత జైలు.

1853లో ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేటప్పటికి ఉన్న పరిస్థితి ఇది. ఆయన సంస్కరణలంటే మనకి రెవెన్యూ, స్కూళ్ళు, రైలు గుర్తొస్తాయి. కానీ తాకట్టులో ఉన్న తాలూకాల్ని విడిపించడం, ఈ సొంత ఖైదుల్ని, సొంత వసూళ్ళని అణిచి బాకీల తగువుల్ని అదాలత్‌కి మళ్ళించడం కూడా ఆయన పనే. నా మట్టుకు నాకు మ్యూజియం కన్నా ఇదే పెద్ద పనిగా కనిపిస్తుంది (మ్యూజియం ఎలాగూ ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ సేకరణే అనుకోండి).

రెండో కథకి మూసీ దాటి అవతలి ఒడ్డుకి, రెసిడెన్సీ దగ్గరికి వెళ్ళాలి. విలియం పామర్ అనే ఆయన తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి మొఘల్ వంశపు స్త్రీ. 1814 ప్రాంతంలో ఆయన ఇక్కడ పామర్ అండ్ కంపెనీ పెట్టి నిజాం సర్కారుకి అప్పులివ్వడం మొదలెట్టాడు. వడ్డీ నూటికి 24 దాకా. సంస్థానాధీశులకి ఇంగ్లీషు వాళ్ళు అప్పులివ్వకూడదని పార్లమెంటు చట్టం ఉంటే, దాని నుంచి 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ కంపెనీకి మినహాయింపు ఇచ్చాడు. 1820లో అరవై లక్షల అప్పు. అదే ఏడాది చివర్లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేస్తే, ఆ అరవై లక్షల్లో చాలా భాగం కొత్తగా చేతికిచ్చిన సొమ్ము కాదనీ, పాత ఖాతాల్లో బాకీల్నే కొత్త పేరుతో రాసుకున్నారనీ తేలింది.

తీర్చడం ఎలా? ఇక్కడే మన కోస్తా జిల్లాలు కథలోకొస్తాయి. ఉత్తర సర్కారులు తీసుకున్నందుకు కంపెనీ నిజాముకి ఏటా ఏడు లక్షల పేష్‌కష్ కట్టాలి. 1823లో ఆ ఏడు లక్షల్ని నూటికి ఆరు చొప్పున మొత్తంగా లెక్కకట్టారు: 1,16,66,666 రూపాయలు. ఆ సొమ్ములోంచి పామర్ బాకీ తీర్చేశారు. ఇక పేష్‌కష్ శాశ్వతంగా రద్దు. చూశారా, నిజాం పామర్‌కి బాకీ. కంపెనీ నిజాముకి బాకీ. కాబట్టి కంపెనీయే నేరుగా పామర్ బాకీ కట్టేసింది.

దీన్నే లాయర్ల భాషలో గార్నిషీ అంటారు. బాకీదారుకి బాకీ ఉన్న మూడో మనిషి. మన రోజుల్లో అది సాధారణంగా బ్యాంకు, ఎందుకంటే మన అకౌంట్లో ఉన్నది నిజానికి బ్యాంకు మనకి పడ్డ బాకీ. పాత ఫ్రెంచిలో 'గార్నిర్' అంటే సన్నద్ధం చేయడం, హెచ్చరించడం. 'నీ దగ్గరున్న సొమ్ము వాడికివ్వకు' అని మూడోవాణ్ణి హెచ్చరిస్తారు కాబట్టి వాడు గార్నిషీ. బిర్యానీ మీద వేయించిన ఉల్లిపాయలతో చేసే గార్నిష్ కూడా ఈ మాటకి చుట్టమే :)

పామర్ వ్యవహారంలో లోపం గార్నిషీ పద్ధతిలో లేదు. అసలు బాకీ ఎంత నిజమో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు, అదీ లోపం. డబ్బు అందుకున్న మరుసటి ఏడు, 1824లో, పామర్ కంపెనీ కూడా దివాలా తీసింది.

మూడో కథ బేరార్. కంపెనీ తన ఆఫీసర్ల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యాన్ని నడిపేది, ఖర్చు నిజాముది. ఆ ఖర్చు తాలూకు బకాయిలు పేరుకున్నాయని 1853 మే నెలలో డల్హౌసీ తరఫున రెసిడెంటు కర్నల్ లో ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాడు. బేరార్, రాయచూరు దోఆబ్, ధారాశివ్ జిల్లాలు కంపెనీ చేతికెళ్ళాయి. సికిందరాబాదు, జాల్నా కంటోన్మెంట్ల ఆబ్కారీ ఆదాయం మీరే తింటున్నారు, దాన్ని లెక్కలో తగ్గించండి అని హైదరాబాదు వాదన. ఆ వాదన వినడానికి జడ్జి ఏడీ? అప్పిచ్చానన్నవాడే లెక్క రాశాడు, వాడే తీర్పు చెప్పాడు, వాడే జప్తు చేశాడు.

1857లో హైదరాబాదు బ్రిటిష్ వాళ్ళ పక్షాన నిలబడినందుకు 1860లో యాభై లక్షల బాకీ రద్దు చేశారు, రాయచూరు, ధారాశివ్ వెనక్కిచ్చారు. మరి బాకీ పోయాక బేరార్ కూడా తిరిగి రావాలి కదా? రాలేదు. కంటింజెంట్ ఖర్చుకి హామీగా ఉంచుకున్నామన్నారు. 1870లలో సాలార్‌జంగ్ చక్కటి ప్రతిపాదన చేశాడు: ఆ ఖర్చుకి వడ్డీ సరిపోయేంత మూలధనం మీ దగ్గర డిపాజిట్ చేస్తాం, బేరార్ వదిలేయండి అని. ఒప్పుకోలేదు. ఆ బాధతోనే 1883లో ఆయన పోయాడు. 1902లో కర్జన్ ఏటా 25 లక్షలకి శాశ్వత లీజు రాయించుకున్నాడు. నిజాం వారసుడికి 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అనే బిరుదు మాత్రం మిగిలింది.

నాలుగో కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేపర్లలో బాగా వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగిన రోజుల్లోనే, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న హైదరాబాదు సొమ్ము పది లక్షల ఏడు వేల చిల్లర పౌండ్లని మొయిన్ నవాజ్ జంగ్ అక్కడి పాకిస్తాన్ హై కమిషనర్ రహీంతూలా పేరిట మార్పించేశాడు. కొద్ది రోజులకే ఏడో నిజాం, ఇది నా అనుమతితో జరగలేదు, డబ్బు వెనక్కి వేయండి అని బ్యాంకుకి కబురు పెట్టాడు. అకౌంటు ఎవరి పేరునుందో వాళ్ళు ఒప్పుకుంటేగానీ కుదరదని బ్యాంకు అంది. 1954లో నిజాం లండన్లో దావా వేశాడు. పాకిస్తాన్, మేం సార్వభౌమ దేశం, మీ కోర్టు మమ్మల్ని విచారించకూడదు అంది. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ మాటకి ఒప్పుకుని దావా ఆపేసింది.

ఫలితం చూడండి. జప్తు ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. కానీ డబ్బు ఎవరికీ రాదు. మనవాళ్ళు డెడ్‌లాక్ అంటారే, అచ్చంగా అదే. 1967లో నిజాం పోయాడు. డబ్బు మాత్రం వడ్డీతో పెరుగుతూ పోయింది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెళ్ళడంతో ఆ మినహాయింపు వాదన చెల్లకుండా పోయింది. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ ఆ డబ్బు ఏడో నిజాముదేనని, ఆయన తరఫున భారత ప్రభుత్వానికి, ఇద్దరు మనవళ్ళకి చెందాలని తీర్పిచ్చాడు. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు. లాక్ పడి 71 ఏళ్ళు.

ఇక్కడో చిన్న పిడకల వేట. 1957లో ఆ బెంచి మీద లార్డ్ డెన్నింగ్ కూడా ఉన్నాడు. ఫలితంతో ఏకీభవించాడు గానీ, రాజ్యాలకి ఇంత గుడ్డిగా మినహాయింపు ఇవ్వకూడదని వేరుగా రాశాడు. మిగతా లార్డులు ఆ మాటకి దూరంగా ఉన్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1975లో, మరేవా అనే నౌకా కంపెనీ కేసులో తీర్పుకి ముందే ప్రతివాది బ్యాంకు అకౌంటు స్తంభింపజేసే ఆర్డరు ఇచ్చి ఇంగ్లండులో ఆ దారి తెరిచింది ఈ డెన్నింగే. అంతకుముందు 1890 నాటి లిస్టర్ వర్సెస్ స్టబ్స్ తీర్పు ప్రకారం, తీర్పు రాకముందు అప్పు కోసం ఆస్తి కట్టేయడం ఇంగ్లీషు కోర్టులకి కుదిరే పని కాదు. పాతకాలంలో లండన్ మేయర్ కోర్టులో 'ఫారిన్ అటాచ్‌మెంట్' అని ఒక ఆచారం ఉండేది గానీ అదీ వాడుక తప్పింది.

మరి మన దగ్గరో? బ్రిటిష్ ఇండియాలో 1859 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే తీర్పుకు ముందు జప్తు ఉంది! అంటే విజయవాడ, రాజమండ్రి కోర్టుల్లో ఈ అధికారం లండన్ కోర్టుల కన్నా వందేళ్ళకి పైగా ముందుంది. ఇంగ్లీషువాడు తన ఊళ్ళో ఒప్పుకోని మందు మనకి పోశాడన్నమాట. నిజాం రాజ్యం తన సొంత సివిల్ ప్రొసీజర్ కోడ్‌ని 1323 ఫసలీలో, అంటే 1913-14 ప్రాంతంలో చేసుకుంది. 1951 ఏప్రిల్ 1 నుంచి 1908 నాటి సెంట్రల్ కోడే హైదరాబాదుకీ వర్తించింది. ఈ రోజు పురానీ హవేలీలో, ఒకప్పుడు ఆరో నిజాం ఉన్న ప్యాలెస్ ఆవరణ పక్కనే సిటీ సివిల్ కోర్టు ఉంది. అక్కడ ఏ లాయర్ని అడిగినా 'ఆర్డర్ 38 రూల్ 5' అని నిద్రలో కూడా చెప్తాడు.

సరే, ఆ రూల్ ఏమంటుంది? నాకర్థమైనంతలో చెప్తాను.

మొదటిది, దావా వేసినవాడు అఫిడవిట్‌తోనో మరో రకంగానో కోర్టుని ఒప్పించాలి: ప్రతివాది తన ఆస్తి అమ్మబోతున్నాడు, లేదా కోర్టు పరిధి దాటించబోతున్నాడు, *అదీ* రేపు వచ్చే డిక్రీ అమలుని అడ్డుకోవాలనో ఆలస్యం చేయాలనో ఉద్దేశంతో. అమ్మడం ఒక్కటే చాలదు. బిల్డరన్నాక ఫ్లాట్లు అమ్మక ఏం చేస్తాడు? ఉద్దేశం చూపించాలి. 'అమ్మేస్తాడని నా అనుమానం' అని రాస్తే ఆ పిటిషన్ వచ్చిన దారినే పోతుంది. ఎవరికి, ఏ ఆస్తి, ఎప్పుడు, మీకెలా తెలిసింది.. ఇవన్నీ కావాలి.

రెండు, ఏ ఆస్తి జప్తు చేయాలో, దాని విలువ సుమారు ఎంతో చెప్పాలి (కోర్టు వద్దంటే తప్ప). మూడు, కోర్టు నేరుగా తాళం వేయదు. ముందు ప్రతివాదికి రెండు దారులిస్తుంది: హామీ కట్టు, లేదా ఎందుకు కట్టక్కర్లేదో వచ్చి చెప్పు. ఈలోగా పారిపోతాడనిపిస్తే షరతులతో కూడిన జప్తు చేయొచ్చు. నాలుగు, ఈ పద్ధతి పాటించకుండా ఇచ్చిన జప్తు చెల్లదు. ఈ నాలుగోది 1976 సవరణలో చేర్చారు. బ్యాంకు లాంటి గార్నిషీకి నోటీసిచ్చి డబ్బు కోర్టులో కట్టించుకునే విధానం, ఆర్డర్ 21 రూల్ 46-ఏ, అదీ ఆ సవరణలోదే.

ఇంకా ఉన్నాయి. ప్రతివాది హామీ కడితే జప్తు ఎత్తేయాలి, దావా కొట్టేసినా ఎత్తేయాలి. ఆస్తి మీద ముందునుంచే హక్కున్న మూడోవాళ్ళకి నష్టం ఉండకూడదు. రైతు చేతిలో ఉన్న పంటని తీర్పుకు ముందు జప్తు చేయకూడదు. డిక్రీ వచ్చాక కూడా ముట్టుకోకూడనివి, అంటే 60వ సెక్షన్లో చెప్పిన బట్టలు, వంట గిన్నెలు, పనివాడి పనిముట్లు, ప్రావిడెంట్ ఫండ్ లాంటివి, ముందు మాత్రం ఎలా ముట్టుకుంటారు? జీతంలో కూడా మొదటి వెయ్యి, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు మామూలు డిక్రీకి దొరకవు (భార్యాపిల్లల మనోవర్తి లెక్క వేరు). సరైన కారణం లేకుండా జప్తు చేయించినవాడి మీద 95వ సెక్షన్ కింద యాభై వేల దాకా పరిహారం వేయొచ్చు.

ఇప్పుడీ లిస్టు పక్కన పై నాలుగు కథలు పెట్టి చూడండి. ఈ చట్టం రాసినవాళ్ళు హైదరాబాదుని మనసులో పెట్టుకుని రాశారని నేననను. కానీ సరిగ్గా అతుకుతాయి. అరబ్బు గుమ్మంలో కూర్చునే ముందు 'నీ జవాబేంటి' అని ఎవరూ అడగలేదు. ఇక్కడ నోటీసు తప్పనిసరి. పామర్ లెక్కల్ని ఏ కోర్టూ చూడలేదు. ఇక్కడ బాకీకి ఆధారం, ఆస్తికి విలువ చూపించాలి. సాలార్‌జంగ్ హామీ కడతానన్నా బేరార్ వదల్లేదు. ఇక్కడ హామీ కడితే వదలాల్సిందే. లండన్ డబ్బుకి తాళం పడింది గానీ తీసే కోర్టు లేకపోయింది. ఇక్కడ తాళం వేసిన కోర్టే దాన్ని తీసే కోర్టు కూడా.

2007 నవంబరులో రామన్ టెక్ వర్సెస్ సోలంకి ట్రేడర్స్ కేసులో సుప్రీం కోర్టు దీని గురించి గట్టిగానే చెప్పింది. హామీ లేని అప్పుని హామీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూల్ కాదు. కేసు బలంగా ఉంటే సరిపోదు, ఎగ్గొట్టే ఉద్దేశం కూడా కనపడాలి. జప్తు బూచి చూపించి ప్రతివాదిని రాజీకి లాగడానికి వాడుకోనివ్వకూడదు. ఈ చివరి ముక్క చదివినప్పుడు నాకు గుమ్మంలో కూర్చున్న ధర్నా మనిషే కనిపించాడు. కోర్టు కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ధర్నా ధర్నా కాకుండా పోదు.

అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం ఒక ముక్క. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో అప్పులవాడు కేసు వేయగానే, ప్రతివాదికి చెప్పకుండానే జీతం ఆపించే పద్ధతుండేది. 1969లో స్నియాడాక్ కేసులో వాళ్ళ సుప్రీం కోర్టు, నోటీసు, విచారణ లేకుండా జీతం ఆపడం రాజ్యాంగ విరుద్ధం అంది. ఆ కేసులో బాకీ ఎంతో తెలుసా, 420 డాలర్లు. నిజంగానే :) 1999లో గ్రూపో మెక్సికానో కేసులో ఇంకో అడుగు ముందుకేసి, మామూలు అప్పుల దావాల్లో తీర్పుకు ముందు ఆస్తులు కదపొద్దని ఆపే అధికారం ఫెడరల్ కోర్టులకి లేదంది.

"అంటే నష్టపోయినవాడు నోరు మూసుకుని కూర్చోవాలా?" అని మా స్నేహితుడి తర్వాతి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పదేళ్ళు పట్టే దావాకి, పది రోజుల్లో పూర్తయ్యే రిజిస్ట్రేషన్‌కి మధ్య పోటీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. ఉద్దేశం రుజువు చెయ్యమంటారు, వాడి ఉద్దేశం వాడి బుర్రలో కదా ఉంటుంది? ఈ చిరాకులోంచే వేరే చట్టాలు పుట్టాయి. డిపాజిటర్ల కోసం 1999లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది, దాని కింద సివిల్ దావా అక్కర్లేకుండా ప్రభుత్వమే ఎగ్గొట్టిన సంస్థల ఆస్తుల్ని అటాచ్ చేసి తర్వాత స్పెషల్ కోర్టు ముందు పెట్టొచ్చు. అగ్రిగోల్డ్ ఆస్తుల్ని కట్టేసింది దాని కిందే. వేలమంది చిన్న మదుపరులు తలా ఒక అఫిడవిట్ వేసుకోలేరు కాబట్టి ఆ చట్టం అవసరమే.

కానీ తాళం ఎంత తేలికగా పడితే, సంబంధం లేనివాడి తలుపుకి పడే అవకాశమూ అంతే పెరుగుతుంది. మన ఫీల్డులో జరిగిందే చూడండి. సత్యం కుంభకోణం 2009లో బయటపడింది. రాజుగారు పోయారు, కొత్త యాజమాన్యం వచ్చింది. 2012లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ మనీ లాండరింగ్ చట్టం కింద కొత్త యాజమాన్యం చేతిలో ఉన్న కంపెనీవే 822 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లని అటాచ్ చేసింది. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు 2018 డిసెంబరులో ఆ అటాచ్‌మెంట్‌ని కొట్టేసింది. ఆరేళ్ళు. పెద్ద కంపెనీ కాబట్టి కోర్టుల్లో నిలబడి తట్టుకుంది.

అదే మామూలు మనిషికైతే? ఈ మధ్య సైబర్ కేసుల్లో, ఎక్కడో ఎవడో మోసం చేసిన సొమ్ములో ఓ రెండు వేలు చేతులు మారి మారి మన అకౌంటులో పడితే, మొత్తం అకౌంటే ఫ్రీజ్ అయిపోతోంది. ఫ్రీలాన్స్ చేసేవాళ్ళకీ చిన్న వ్యాపారులకీ ఇది అనుభవమే. పోలీసులు క్రిమినల్ చట్టం కింద చేసే ఈ పనికీ ఆర్డర్ 38కీ సంబంధం లేదు. కానీ పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ముందు నోటీసు లేదు. విలువ లెక్క లేదు, రెండు వేల కోసం రెండు లక్షలు కట్టేస్తారు. హామీ కడతానంటే వినేవాడు ఎక్కడో వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్లో ఉంటాడు. నెల ఈఎంఐ మాత్రం తేదీకి కట్ కావాల్సిందే.

మోసగాడి డబ్బు గంటల్లో మాయమవుతుంది కాబట్టి అక్కడ నోటీసిచ్చి కూర్చోలేం, అది ఒప్పుకుంటాను. కానీ ముందు అడగలేకపోతే తర్వాతైనా వెంటనే వినాలి. వివాదంలో ఉన్న మొత్తానికే తాళం వేయాలి. తీసే అధికారం ఎవరి దగ్గరుందో అకౌంటు ఉన్నవాడికి తెలియాలి. ఈ మూడూ 1908 నాటి కోడ్‌లోనే ఉన్నాయి, మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

నా అభిప్రాయం ఏంటంటే, రూల్ 5 షరతులు కఠినంగా ఉండడం తప్పు కాదు. తప్పు దావాలకి పట్టే సమయంలో ఉంది. తీర్పు ఏడాదిలో వచ్చేటట్టయితే, తీర్పుకు ముందు జప్తు గురించి ఇంత ఆరాటమే ఉండదు. ఆలస్యానికి మందు తీర్పులు తొందరగా ఇవ్వడం, తాళాలు తేలిక చేయడం కాదు. తాళాలు తేలికైతే లాభపడేది మా స్నేహితుడు లాంటివాళ్ళు కాదు. మంచి లాయర్ని పెట్టుకోగలిగిన బిల్డరే రేపు 'మీరు మిగతా వాయిదాలు కట్టలేదు' అని వీడి మీదే పిటిషన్ వేసి, వీడి సేవింగ్స్ అకౌంటే కట్టేయించగలడు. హైదరాబాదు చరిత్రలో తీర్పు లేకుండా పడిన తాళాల్లో చాలా వరకు వేసినవాడు బలవంతుడు, పడింది బలహీనుడికి. బేరార్ విషయంలో సాక్షాత్తూ నిజామే బలహీనుడయ్యాడు.

మా స్నేహితుడికి చెప్పింది మీకూ చెప్తాను. అనుమానం అని రాయకుండా ఆధారాలు పోగు చేయండి: అమ్మకం ప్రకటనలు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు, కొత్తగా బంధువుల పేరిట జరిగిన రిజిస్ట్రేషన్లు, బౌన్స్ అయిన చెక్కులు. ఏ ఆస్తి కావాలో సర్వే నంబరుతో సహా చెప్పండి. మీకు రావాల్సిన మొత్తానికి సరిపడేదే అడగండి, బిల్డరుకున్న ప్రతి అంగుళం కాదు. అలా వెళ్ళినవాళ్ళకి కోర్టులు ఆర్డర్లు ఇస్తూనే ఉన్నాయి. నేను లాయర్ని కాదు, ఆసక్తి కొద్దీ చదువుకున్నవాణ్ణి మాత్రమే. కాబట్టి నిజంగా కేసుంటే టపా ప్రింటు తీసుకుని కోర్టుకెళ్ళకండి, మంచి లాయరు దగ్గరికెళ్ళండి. కాకపోతే ఆయన 'ముందు అకౌంటు ఫ్రీజ్ చేయించేద్దాం, ఆ తర్వాత వాడే దిగొస్తాడు' అంటే మాత్రం, సుప్రీం కోర్టు వద్దన్నది సరిగ్గా దాన్నేనని గుర్తు చేయండి.